మారిషస్ ప్రయాణం – షుగరు సంగతి

మన హాస్టల్లో వంట చేసిన పెద్దమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆమె కొడుకు మారిషస్‌లో హోటల్లో పనిచేస్తున్నాడు. ఉగాదికి రమ్మని టికెట్టు పంపాడు. కాగితాలు చూసిపెట్టమంటే మేం ముగ్గురం వెళ్లాం. కాగితాలు సరిగానే ఉన్నాయి. సూట్‌కేసులోనే, ఆవకాయ సీసాల మధ్య ఇన్సులిన్ సీసా కనిపించింది.

"రోజూ సూదంటే అక్కడ నామోషీ నాయనా. కళ్లు తిరిగితే ఏసుకుంటాలే, నెల రోజులే గదా" అంది.

ఆ మాటకు మాకు భయం వేసింది. కళ్లు తిరగడం షుగరు పడిపోయినప్పుడు కూడా జరుగుతుంది. అప్పుడు ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

పెద్దమ్మకు మేం చెప్పింది మన కాలువల భాషలోనే. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువ నిండుగా వచ్చినా తూము తలుపు ఎత్తకపోతే మడి ఎండిపోతుంది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో పారుతుంది. దాన్ని కణాల్లోకి వదిలే తూము తలుపు ఎత్తేది క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చే రెండో రకంలో ముందు తలుపు తుప్పు పడుతుంది, తర్వాత ఎత్తేవాడూ అలిసిపోతాడు. మడి ఎండుతుంది, కాలువ గట్టు తెగుతుంది. కళ్లు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతినేది అందుకే. పరగడుపున 126, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5, ఆపైన ఉంటే షుగరు ఉన్నట్టు. లక్షణాలేమీ లేకపోతే మరోసారి పరీక్ష చేసి ఖాయం చేస్తారు.

"మా వంశంలోనే ఉందిరా" అంది పెద్దమ్మ. వంశం కొంత నిజమే. కానీ ఆమె వెళ్లే దీవే ఇంకో సంగతి చెబుతుంది. 19వ శతాబ్దంలో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి మనవాళ్లు అక్కడికి చెరకు తోటల కూలికి వెళ్లారు. రేవు పేరు మీదే వాళ్లను కోరంగీలు అన్నారు. ఆ దీవిలో 1987లో పెద్ద సర్వే చేస్తే హిందువులు, ముస్లింలు, క్రియోలులు, చైనీయులు, అందరిలోనూ షుగరు నూటికి సుమారు 10 నుంచి 13 మందికి ఉన్నట్టు తేలింది. నాలుగు వేర్వేరు వర్గాలవారికి ఒకే జబ్బు ఇంచుమించు ఒకే లెక్కన వచ్చిందంటే తిండి, పని మారిన తీరు కూడా చూడాలి కదా. చెరకు నరికినవాళ్ల మనవళ్లకు ఆ పేరు జబ్బే రావడం ఏమిటో!

ఇక ప్రయాణం. ఇన్సులిన్ సూట్‌కేసులో పెట్టకూడదు. విమానం అడుగున చలికి గడ్డకట్టవచ్చు, ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరాదు. పెట్టె తప్పిపోయినా కష్టమే. రెండు సీసాలు, సిరంజీలు, గ్లూకోమీటరు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. తెరిచిన సీసా ఎండ తగలకుండా గది చల్లదనంలో ఉంచితే సాధారణంగా నాలుగు వారాలు పనిచేస్తుంది. ఫ్రిజ్ లేని పెద్దమ్మ ఇంట్లో తడి మట్టికుండలో పెడుతుంది, అది మంచి పద్ధతే. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. మోతాదు మార్చనక్కర్లేదనీ, విమానంలో మాత్రం భోజనం పళ్లెం ముందుకొచ్చాకే సూది వేసుకోమనీ డాక్టరుగారు చెప్పారు.

చెమట, వణుకు వస్తే ముందు మీటరు చూడాలి. 70 కన్నా తక్కువైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మీటరు అందకపోతే పంచదారే ముందు. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నడవొద్దని కూడా చెప్పాం. స్పర్శ తగ్గిన పాదానికి ఇసుక కాలినా తెలియదు.

వెళ్లిన రెండో వారం ఫోను చేసింది. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవట. "పచ్చడిలో బెల్లం ఉంది కదరా, తిననా?" అంది. పొద్దున చూసుకున్న అంకె అడిగాం. 132. చెంచాడు తినమన్నాం.