పండ్లపొడిలో పొగాకు: పరీక్ష, నిషేధం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఫ్లోరైడు నీటి వలన పండ్లు గారపట్టినవారు అనేకులు. పొగాకు పొడితో తోమితే ఆ గార పోతుందనుకోవడం భ్రమ. అది పంటి పింగాణిలోనే ఏర్పడిన మచ్చ, రుద్దినందువలన పోదు.

మూలికల పేరు చూసి మోసపోరాదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. చరక, సుశ్రుత సంహితలలో దాని ప్రస్తావన లేదు. పొగాకు కలిపిన పండ్లపొడులను, పేస్టులను కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. ఆహారపదార్థాలలో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు శాసించాయి. గుట్కా నిషేధానికి ఇదే ఆధారం.

పరీక్షించే గుణాలు

1. నికోటిన్: వ్యసనానికి మూలం.
2. క్షారగుణం: సున్నం కలిస్తే నికోటిన్ నోటిపొర గుండా రక్తంలో త్వరగా చేరుతుంది.
3. నైట్రోసమైన్లు: ఆకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు పుట్టే క్యాన్సర్ కారకాలు.

లవంగం, కర్పూరం కలిపినంత మాత్రాన ఇవి తొలగవు. సరుకు కొత్తదైనా, పేరు మారినా ఈ పరీక్షలే గీటురాయి.

చేయవలసినది

వేప లేక కానుగ పుల్లతో సున్నితంగా తోముకొనవలెను. పొగాకుపై మనసు పోయినప్పుడు సోంపు నమలవచ్చును. నోటిలో తెల్లని, ఎర్రని మచ్చ గాని, పుండు గాని రెండు వారాలలో మానకున్నా, నోరు సరిగా తెరుచుకొనకున్నా గృహవైద్యంతో కాలయాపన చేయక దంతవైద్యునికి చూపవలెను.