బలపు మాత్రలు – తీరని బడలిక

నారాయణగూడ నుండి ఒక ఉపాధ్యాయురాలు చిక్కడపల్లిలోని మా వైద్యశాలకు వచ్చి, సంచిలోని సీసాలను బల్లపై వరుసగా పేర్చారు. మొత్తం 7 సీసాలు.

"రెండేళ్ళ క్రితం విషజ్వరం వచ్చి తగ్గింది. నాటినుండి ఓపిక లేదు డాక్టరుగారూ. ఒకరోజు ఇల్లు సర్దితే మూడురోజులు మంచం దిగలేను. ఇన్ని వాడుతున్నా గుణం లేదు సరికదా, ఇప్పుడు పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. రోగం నరాలకు పాకిందేమో!" అని కంటతడి పెట్టారు.

సీసాలపై ముద్రించిన వివరాలు చదివి చూశాను. మూడింటిలో బి6 విటమిన్ ఉన్నది. ఒకటి మల్టీవిటమిన్, ఒకటి నరాల బలానికని కొన్నది, మరొకటి అమెరికా నుండి కుమారుడు పంపినది. మూడింటి మోతాదు కలిపితే రోజుకు 100 మిల్లీగ్రాములు దాటింది. మనిషికి నిత్యం కావలసినది సుమారు 2 మిల్లీగ్రాములే! అధిక మోతాదులో దీర్ఘకాలం వాడితే ఈ విటమినే నరాలను దెబ్బతీసి తిమ్మిరి, మంటలు, నడకలో తడబాటు కలిగిస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు దీని గరిష్ఠ పరిమితిని రోజుకు 12 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది.

ఆమెను నరాల వైద్యుని వద్దకు పంపాను. ఆయన సలహాపై ఆ మాత్రలు మానిన కొన్ని నెలలకు తిమ్మిరి తగ్గుముఖం పట్టింది. అలసట పూర్తిగా పోలేదు. భయం మాత్రం పోయింది.

వ్యాధి స్వరూపం

దీర్ఘకాలిక అలసట వ్యాధినే ఆధునికులు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. ఆరునెలలకు పైబడి వీడని అలసట, నిద్రించినా తీరని బడలిక, మతిమరపు, స్వల్ప శ్రమతోనే మరుసటిరోజుకు కుప్పకూలిపోవడం దీని ముఖ్య లక్షణాలు. దీనిని నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ లేదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, బి12 లోపం వంటి కారణాలు లేవని ముందుగా తేల్చుకోవాలి. ఈ వ్యాధిని నయం చేయగలదని రుజువైన బలపు మాత్ర నేటివరకు లేదు.

దుష్ఫలితం ధరించే వేషం

ఇక్కడే అసలు ప్రమాదమున్నది. మాత్రల దుష్ఫలితాలు అనేకం అలసట రూపంలోనే కనిపిస్తాయి. రోగి దానిని వ్యాధి ముదరడమని భావించి మరొక సీసా కొంటాడు.

డి విటమిన్ సంగతే చూడండి. 60,000 యూనిట్ల మోతాదును లోపమున్నవారికి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలకే వ్రాస్తారు. అశోక్‌నగర్ వసతిగృహాలలో పోటీపరీక్షలకు చదివే పిల్లలు స్నేహితుని మందుచీటీ చూసి దానిని దినదినమూ వేసుకుంటే, రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వికారం, మలబద్ధకం, తీవ్రమైన నీరసం కలుగుతాయి. మూత్రపిండాలు సైతం చెడవచ్చు.

రక్తహీనత లేనివారికి ఐరన్ మాత్రలు అనవసరం. కడుపునొప్పి, మలబద్ధకం తెచ్చిపెడతాయి. ఐరన్, కాల్షియం మాత్రలను థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే ఆ మందు ఒంటబట్టదు. వాటి నడుమ 4 గంటల ఎడముండాలి. జుట్టుకోసం వాడే బయోటిన్ థైరాయిడ్ పరీక్షా ఫలితాలనే తారుమారు చేయగలదు.

మూలికలకు మినహాయింపు లేదు

గురుకులంలో మా గురువుగారు మొదట నేర్పినది మందు ఇవ్వడం కాదు. రోగి అప్పటికే ఏమేమి సేవిస్తున్నాడో అడగడం. ఒకసారి నేనే ఆ పాఠం మరచాను. నీరసంతో వచ్చిన ఒక గృహిణికి అశ్వగంధ చూర్ణం ఇచ్చాను. ఆమె థైరాయిడ్ మాత్ర వాడుతున్న సంగతి అడగలేదు. మూడు వారాలకు గుండెదడ, చేతివణుకు, నిద్రలేమితో తిరిగి వచ్చారు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ స్రావాన్ని పెంచుతుంది. చూర్ణం మాన్పించి, పరీక్ష చేయించవలసి వచ్చింది. తప్పు మూలికది కాదు, నాది.

అశ్వగంధతో అరుదుగా కామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి, గర్భిణులు వాడరాదు. అతిమధురం మితిమీరితే రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గి, కండరాలు నీరసిస్తాయి. సరిగా ప్రయోగిస్తే విషమూ ఔషధమే, వక్రంగా ప్రయోగిస్తే ఔషధమూ విషమేనన్న చరకుని బోధ మూలికలకూ వర్తిస్తుంది.

గృహస్థులు పాటించవలసినవి

1. ఇంట్లోని సీసాలన్నీ ఒకచోట చేర్చి, ఒకే విటమిన్ ఎన్నింటిలో ఉన్నదో కాగితంపై కూడి చూడండి.

2. ఆ కాగితాన్ని మీ అల్లోపతి వైద్యునికీ, ఆయుర్వేద వైద్యునికీ ఇద్దరికీ చూపండి.

3. క్రొత్తది ఏదైనా ఒక్కొక్కటిగానే ప్రారంభించండి. అప్పుడే మంచిచెడ్డలు ఏ మాత్రవో తెలుస్తాయి.

4. కళ్ళు పచ్చబడటం, తిమ్మిరి, గుండెదడ, ఆగని వాంతులు కనిపిస్తే ఆ బలపు మాత్ర ఆపి వెంటనే వైద్యుని కలవండి. వైద్యుడు వ్రాసిన మందును మాత్రం స్వయంగా మానరాదు.

5. ఉన్న శక్తిని పొదుపుగా వాడండి. ఓపిక వచ్చిన రోజున పనులన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకండి.

జఠరాగ్ని మందగించినవానికి ముందు కావలసినది తేలికైన ఆహారం: వేడి అన్నం, పెసరకట్టు, పలుచని మజ్జిగ, వేళకు నిద్ర. ఇవి వ్యాధిని తుడిచివేయవు, కాని దానిపై మరొక వ్యాధిని తెచ్చిపెట్టవు. ఆ ఉపాధ్యాయురాలి బల్లపై నేడు 7 సీసాలకు బదులు ఒకే సీసా ఉన్నది. అది ఎందుకో, ఎంతకాలమో ఆమెకు తెలుసు. మీ ఇంటి సీసాల విషయంలో మీకూ అది తెలిసి ఉండాలి.