తోటలోని చిన్న చీమలను గుర్తించడం ఎలా?

విద్యార్థులారా! కన్నడంలో ఇరువె, తమిళంలో ఎరుంబు, ఒడియాలో పింపుడి, మరాఠీలో ముంగీ. మీరు ఏ మాధ్యమంలో చదువుతున్నా పెరట్లో పాకేది మన చీమే. అయితే "ఎర్ర చీమ, నల్ల చీమ" అని రంగును బట్టి మాత్రమే చెబితే పొరపాటు పడతాము. ఒక భూతద్దం, తెల్ల కాగితం, చిటికెడు పంచదార, స్కేలు ఉంటే చాలు.

ముందుగా అది చీమేనా అని చూడండి. చీమ మీసాలు మోచేయిలా వంగి, నడుము సన్నగా ఉంటుంది. చెదపురుగు మీసాలు పూసల దండలా తిన్నగా, నడుము లావుగా ఉంటుంది. తరువాత పరిమాణం, నడుముపై కణుపులు, నడక చూడాలి.

1. టాపినోమా మెలనోసెఫాలమ్: 2 మి.మీ. లోపే. తల నల్లన, పొట్ట పాలిపోయిన రంగు. కణుపు పైకి కనిపించదు. నలిపితే కుళ్లిన కొబ్బరి వాసన. కుట్టదు.

2. పారాట్రెకినా లాంగికార్నిస్: సుమారు 3 మి.మీ. నలుపు. ఒకే కణుపు. కాళ్లు, మీసాలు చాలా పొడవు. దారీతెన్నూ లేకుండా పరుగులు తీస్తుంది. కుట్టదు. 2022లో తమిళనాడులోని దిండుక్కల్ జిల్లా కరంతమలై గ్రామాలను బాధించిన 'ఎల్లో క్రేజీ యాంట్' దీనికన్నా పెద్దది, వేరే జాతి.

3. క్రెమాటోగాస్టర్: రెండు కణుపులు. పొట్ట హృదయాకారం. బెదిరిస్తే పొట్టను తలపైకి ఎత్తుతుంది. చెట్లపై ఎక్కువ.

4. సోలెనాప్సిస్ జెమినాటా: రెండు కణుపులు. 3 నుండి 6 మి.మీ. ఒకే పుట్టలో చిన్నవీ, పెద్ద తల గలవీ ఉంటాయి. ఎరుపు-గోధుమ రంగు. కుడితే నిప్పు తగిలినట్లు మంట.

తల్లిదండ్రులకు మనవి: చీమ కనబడగానే మందు చల్లకండి. మొక్కపై చీమలు బారులు తీరితే ఆకుల అడుగున చూడండి. తరచుగా అక్కడ పేనుబంక గాని పిండినల్లి గాని ఉంటుంది. వాటి తీపి రసం కోసమే చీమలు వస్తాయి. ముందు తొలగించవలసినది ఆ పురుగునే. నాలుగవ రకం పుట్ట దగ్గర మాత్రం పసిపిల్లలను ఆడనీయరాదు. కుట్టిన తరువాత ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అభ్యాసం: వారం రోజులు ఒకే చోట పంచదార వేసి, వచ్చిన చీమల పొడవు, కణుపులు, నడక, వచ్చిన వేళ నోటు పుస్తకంలో పట్టికగా రాయండి. చూసినదే రాయండి, ఊహించినది వద్దు. విజ్ఞానశాస్త్రానికి అదే తొలి పాఠం.