ఇంటి స్థలము కొనువారికి పంచాయతీ సభ్యుని సలహా

గ్రామమున ఇల్లు గాని, ఇంటి స్థలము గాని కొనదలచినవారు మొదట సంప్రదించునది పంచాయతీ సభ్యునే. "ఈ జాగా కొనవచ్చునా?" అని అడిగి, దస్తావేజుపై సాక్షి సంతకమును కూడ వారు కోరుదురు. సభ్యుని మాట నమ్మి ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును వెచ్చించును. కావున అట్టి సలహా నిచ్చుటకు ముందు సభ్యులు గమనింపవలసిన ముఖ్యాంశములను ఇందు వివరింపదలచితిమి.

ఊరిలో నివాసములున్న భూమిని గ్రామకంఠమందురు. పూర్వపు సర్వేలలో దీనికి సాధారణముగా ఒకే నంబరు వేసిరి గాని, ఇంటింటికి విడివిడిగా కొలతలు వేయలేదు. అందుచే పొలమునకున్నట్లు ఇంటి స్థలమునకు పట్టా తరచుగా ఉండదు. అమ్మువారు ఇంటిపన్ను రసీదును చూపి, "ఇదే నా హక్కు" అందురు. ఇది సరికాదు. రసీదు పన్ను చెల్లించినట్లు తెలుపును. స్వాధీనమునకు కొంత ఆధారమగును. యాజమాన్యమును మాత్రము స్థాపింపజాలదు. రసీదు నిచ్చునది మన పంచాయతీయే గనుక, ఈ సంగతి చెప్పవలసిన బాధ్యతయు మనదే.

ఒక ఉదాహరణము చూడుడు. తండ్రి వీలునామా వ్రాయక మరణించెను. ఇంటిపన్ను కుమారుని పేరునకు మారినది. అతడు ఇల్లు అమ్మెను. కొన్నవారు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకొనిరి. అంతలో మెట్టినింటనున్న కుమార్తె తన భాగము కోరి కోర్టుకెక్కెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము తండ్రి స్వార్జితములో భార్యకు, కుమార్తెకు కూడ కుమారునితో సమాన భాగము కలదు. పిత్రార్జితములో కుమార్తెకు సమాన హక్కును 2005 సవరణ దేశమంతటను కల్పించినది. వారి సంతకములు ముందే తీసికొనియున్న ఈ కష్టము కలుగకుండెడిది.

కావున బయానా ఇచ్చుటకు ముందే ఈ క్రింది విషయములు చూడవలెను.

మొదటిది: అమ్మువారికి ఆస్తి ఎట్లు సంక్రమించినదో తెలుపు పాత దస్తావేజుల అసళ్లు చూడవలెను. వారసులందరును సంతకము చేయుచున్నారా అని విచారింపవలెను.

రెండవది: సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఇ.సి. తీయవలెను. రిజిస్టరైన అమ్మకములు, తనఖాలు అందు తెలియును. రిజిస్టరు కాని ఒప్పందములు అందు కనబడవు. వాటిని ఇరుగుపొరుగు వారిని అడిగి తెలిసికొనవలెను.

మూడవది: భూమి ఏ రకమో తహసీలుదారు కార్యాలయమున విచారింపవలెను. చెరువు, బాట, శ్మశానము మున్నగు పోరంబోకు భూములు అమ్మకమునకు తగవు. పేదలకిచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 చట్టము నిషేధించినది. తరువాతి సడలింపులు తమ భూమికి వర్తించునో లేదో అధికారులనే అడుగవలెను. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1970 నాటి 1వ రెగ్యులేషను ప్రకారము చెల్లదు.

నాలుగవది: హద్దుదారుల సమక్షమున స్థలమును కొలిపించి, నాలుగు హద్దులను దస్తావేజులో స్పష్టముగా వ్రాయింపవలెను.

నూరు రూపాయలు గాని, అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్ట్రేషను తప్పనిసరి. తెల్లకాగితముపై వ్రాసుకొన్న సాదా బైనామాతో గాని, కేవలము జి.పి.ఎ.తో గాని యాజమాన్యము రాదు. జి.పి.ఎ. అమ్మకముల విషయమును సుప్రీంకోర్టు 2011లో స్పష్టపరచినది. దస్తావేజు వ్రాసిన నాలుగు నెలలలోపున రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను.

2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకమున, నివాస స్థలములను డ్రోనులతో కొలిచి ఆస్తి కార్డులిచ్చు ఏర్పాటు కలదు. ఈ సర్వే జరుగు గ్రామములలో ఇండ్ల హద్దులను సున్నపు గీతలతో గుర్తించునపుడు సభ్యులు దగ్గరనుండవలెను. ఊర లేనివారి హద్దులును, ఒంటరి స్త్రీల హద్దులును తప్పిపోకుండ చూడవలెను.

సాక్షి సంతకము మొగమాటమునకు చేయునది కాదు. "కాగితములు చూచిన పిమ్మట చేసెదను" అని సభ్యుడు పలుకు ఒక్క మాట, రెండు కుటుంబములను కోర్టు మెట్లెక్కకుండ కాపాడగలదు.