కొండెక్కే సైకిలు – వేడెక్కే మోటారు

కొండదారుల్లో తొక్కడానికని ప్రత్యేకంగా తయారయ్యే సైకిళ్లున్నాయి. లావుపాటి టైర్లు, కుదుపులు మింగే స్ప్రింగులు, వెనక చక్రానికి చిన్నా పెద్దా కలిపి పది పన్నెండు పళ్లచక్రాలు వీటి ప్రత్యేకత. వీటినే మౌంటెన్ బైకులంటారు. ఇప్పుడు వీటికి విద్యున్మోటారు కూడా తగిలిస్తున్నారు. పెడలు తొక్కేది మనిషే, మోటారు అతనికి తోడు పడుతుందన్నమాట. యూరపులో ఆల్ప్స్ పర్వతాల దారుల్లో ఇటువంటి సైకిళ్లు విరివిగా కనిపిస్తాయి.

ఈ మోటార్లలో పేరున్నవి మూడింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 2019లో తెచ్చిన పెర్‌ఫార్మెన్స్ లైన్ సి.ఎక్స్. మోటారు. రెండోది జపాను కంపెనీ షిమానో 2020లో తెచ్చిన ఇ.పి.8. మూడోది చైనా కంపెనీ డి.జె.ఐ. 2024లో తెచ్చిన అవినాక్స్. మూడింటికీ చెప్పే సామర్థ్యం ఒకటే – 250 వాట్లు. కాని కాసేపు గట్టిగా నెట్టమంటే మొదటిది 600 వాట్ల దాకా, రెండోది 500 దాకా, మూడోది వచ్చిన కొత్తలో చెప్పిన లెక్క ప్రకారం 850 దాకా ఇస్తాయి!

మరి 250 అన్న అంకె అబద్ధమా? కాదు. కొద్దిసేపట్లో మోటారు ఎంత ఇవ్వగలదో అది చెప్పదు. వేడెక్కి పాడవకుండా, ఆగకుండా ఎంత ఇవ్వగలదో చెబుతుంది. మీరు వంద మీటర్లు పరుగెత్తే వేగంతో పది కిలోమీటర్లు పరుగెత్తగలరా? ఇదీ అంతే. యూరపు చట్టం విద్యుత్ సైకిలుకి 'నిరంతర సామర్థ్యం' 250 వాట్లు దాటకూడదంటుంది. మన దేశపు మోటారు వాహనాల నిబంధనల్లో మాట ఇంకా స్పష్టంగా ఉంది. పెడలు తొక్కితే తోడుపడే సైకిలుని మోటారు వాహనంగా లెక్కించకుండా ఉండాలంటే దాని మోటారు 'ముప్పై నిమిషాల సామర్థ్యం' 250 వాట్లకు లోపు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి మోటారు సాయం ఆగిపోవాలి. ముప్పై నిమిషాలని ఎందుకన్నారు? ఒక లెక్క చేస్తే తెలుస్తుంది.

కొండ మీద లెక్క

మనిషి, సైకిలు కలిసి 100 కిలోగ్రాములనుకోండి. గురుత్వ త్వరణం సులువుగా 10 అని తీసుకుంటే బరువు 1,000 న్యూటన్లు. దారి ప్రతి 100 మీటర్లకు 10 మీటర్లు ఎత్తు పెరుగుతోంది. అంటే బరువులో పదోవంతు, 100 న్యూటన్లు, సైకిలుని వెనక్కి లాగుతుంది. నేల ఘర్షణకు, గాలికి కలిపి ఇంకో 8 వేయండి. మొత్తం 108 న్యూటన్లు. ఇందులో మూడోవంతు మనిషి కాళ్లు భరిస్తే, మిగిలిన 72 న్యూటన్లు మోటారు వంతు.

సైకిలు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోందంటే సెకనుకు సుమారు 2.8 మీటర్లు. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. మోటారు ఇచ్చేది 200 వాట్లు, మనిషి ఇచ్చేది 100 వాట్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కొంతసేపు ఇవ్వగల సామర్థ్యం అదే. ఇంతవరకు అంతా 250కి లోపలే ఉంది కదా! ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. మోటారు వేడెక్కేది అది ఇచ్చే సామర్థ్యాన్ని బట్టి కాదు, అది నెట్టే బలాన్ని బట్టి.

మోటారులో తీగచుట్టల గుండా ప్రవహించే విద్యుత్తు వల్లే తిప్పే బలం పుడుతుంది. ఈ తిప్పే బలాన్నే టార్కు అంటాం, న్యూటన్ మీటర్లలో కొలుస్తాం. టార్కు రెట్టింపు కావాలంటే విద్యుత్ ప్రవాహం రెట్టింపు కావాలి. కాని తీగలో పుట్టే వేడి, 1840 ప్రాంతంలో జేమ్స్ జౌల్ కనిపెట్టిన నియమం ప్రకారం, ప్రవాహం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. ఈ సూత్రంలో వేగం అన్న మాటే లేదని గమనించండి.

నిండు బిందెను చేతులతో ఎత్తి పట్టుకుని కదలకుండా నిలబడండి. భౌతికశాస్త్రం లెక్కలో మీరు చేసిన పని సున్నా. చేతులు మాత్రం పీకేస్తాయి. ఏటవాలు మీద కదలకుండా సైకిలుని ఆపి ఉంచే మోటారు పరిస్థితి అదే. పని సున్నా, దక్షత సున్నా, తీసుకున్న విద్యుత్తంతా వేడే.

చక్రంలో మోటారు

మన ఊళ్లలో అమ్మే విద్యుత్ సైకిళ్లలో ఎక్కువ వాటికి మోటారు వెనక చక్రం నడిమధ్య, హబ్బులో ఉంటుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895లోనే హబ్బులో మోటారున్న సైకిలుకి పేటెంటు తీసుకున్నాడు. ఇందులో ఒక రకం మోటారు చక్రంతో పాటే, చక్రం వేగంతోనే తిరుగుతుంది. ఇంకో రకంలో లోపల చిన్న పళ్లచక్రాలుండి మోటారు చక్రం కంటే కొన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది, కాని ఆ 'కొన్ని రెట్లు' ఎప్పటికీ మారదు. రెండింటికీ ఉన్న ఇబ్బంది ఒకటే. సైకిలు నెమ్మదిస్తే మోటారు కూడా నెమ్మదించాలి.

చక్రం వ్యాసార్థం 0.37 మీటరు. 72 న్యూటన్లను దానితో గుణిస్తే టార్కు సుమారు 27 న్యూటన్ మీటర్లు. చక్రంతో పాటే తిరిగే మోటారు ఈ టార్కు ఇవ్వడానికి 27 ఆంపియర్లు తీసుకుంటుందనీ, దాని తీగచుట్ట నిరోధం 0.2 ఓము అనీ అనుకుందాం. 27 × 27 × 0.2 చేస్తే సుమారు 150 వాట్ల వేడి. ఇదే బలంతో నెడుతూ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మోటారు చేసే పని 500 వాట్లు, వేడి 150. దక్షత 77 శాతం, ఫరవాలేదు. 10 కిలోమీటర్ల వేగంలో పని 200, వేడి మళ్లీ అదే 150. దక్షత 57 శాతానికి దిగింది. రాళ్లదారిలో 6 కిలోమీటర్లకు నెమ్మదిస్తే పని 120, వేడి 150. దక్షత 44 శాతమే. సగం కంటే ఎక్కువ విద్యుత్తు మోటారుని కాచడానికే పోతోంది!

ఆ కొండదారి పొడవు 5 కిలోమీటర్లనుకోండి. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున ఎక్కడానికి పట్టేది సరిగ్గా 30 నిమిషాలు. ఈలోగా పుట్టిన ఉష్ణం 150 × 1,800 = 2,70,000 జౌళ్లు. మోటారులో ఇనుము, రాగి కలిసి 5 కిలోలుంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 2,250 జౌళ్లు కావాలి. వేడి బయటికే పోకపోతే ఉష్ణోగ్రత 120 డిగ్రీలు పెరుగుతుంది. ఎండాకాలం సంగతి మీరే ఊహించండి. చల్లగా ఉన్న మోటారు పూర్తిగా వేడెక్కడానికి ఇలా పదుల నిమిషాలు పడుతుంది. నాలుగైదు నిమిషాల పరీక్షలో గడుసుగా తప్పించుకునే మోటారు కూడా అరగంట పరీక్షలో బయటపడిపోతుంది.

తరగతిలో ఒక ప్రశ్న వేస్తుంటాను. మోటారు వేడెక్కుతోందని 6 కిలోమీటర్లకు నెమ్మదిస్తే మేలేనా? సగానికి పైగా చేతులు 'మేలే' అంటూ లేస్తాయి. లెక్క వేయండి. ఇప్పుడు పైకి చేరడానికి 50 నిమిషాలు పడుతుంది. వేడి 150 వాట్లే. మొత్తం ఉష్ణం 4,50,000 జౌళ్లు! నెమ్మదిగా పోయిన కొద్దీ మోటారు ఇంకా కాగుతుంది. దానికి కావలసింది నెమ్మది కాదు, బలం తగ్గడం.

పెడళ్ల దగ్గర మోటారు

మొదట చెప్పుకున్న మూడు మోటార్లూ చక్రంలో ఉండవు. పెడళ్ల ఇరుసు దగ్గర ఉంటాయి. అవి నెట్టే బలం మనిషి బలంతో కలిసి చైను మీదుగా వెనక చక్రానికి పోతుంది. అందువల్ల సైకిలు గేర్లు మనిషికే కాదు, మోటారుకీ ఉపయోగపడతాయి.

ముందు పళ్లచక్రానికి 30 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 50, చిన్నదానికి 10 అనుకుందాం. 6 కిలోమీటర్ల వేగంలో వెనక చక్రం నిమిషానికి 43 చుట్లు తిరుగుతుంది. చైను పెద్ద చక్రం మీద ఉంటే పెడళ్లు నిమిషానికి 72 చుట్లు తిరుగుతాయి. కాళ్లకూ హాయి, మోటారుకూ హాయి. చక్రం దగ్గర 27 న్యూటన్ మీటర్లు కావాలంటే పెడళ్ల దగ్గర మోటారు ఇవ్వవలసింది 16 మాత్రమే. అదే చైను చిన్న చక్రం మీద ఉండిపోతే? పెడళ్లు నిమిషానికి 14 చుట్లే తిరుగుతాయి, మోటారు ఇవ్వవలసిన టార్కు 81! కొండ అదే, బరువు అదే, వేగం అదే. టార్కు అయిదింతలైంది కనుక తీగల్లో పుట్టే వేడి 25 రెట్లు. కేవలం గేరు మార్చనందుకు ఇంత తేడా! ఇటువంటప్పుడు మోకాళ్లు మోటారు కంటే ముందే ఫిర్యాదు చేస్తాయనుకోండి.

సరైన గేరులో ఇటువంటి మోటారు దక్షత 80 శాతం ఉందనుకుందాం. 120 వాట్ల పనికి 150 వాట్లు తీసుకుంటుంది, వేడి 30 వాట్లే. ఇదే ఎక్కుడులో హబ్ మోటారుది 150. బ్యాటరీ లెక్కలోనూ తేడా కనిపిస్తుంది. 5 కిలోమీటర్లు ఎక్కడానికి ఇది 125 వాట్-గంటలు వాడితే, హబ్ మోటారు 225 వాడుతుంది. బ్యాటరీ 500 వాట్-గంటలదైతే ఒకటి ఆ కొండను నాలుగుసార్లు ఎక్కిస్తుంది, రెండోది మూడోసారి మధ్యలో మిమ్మల్ని దింపేస్తుంది.

వేడి పుట్టడం ఒక ఎత్తు, బయటికి పోవడం ఇంకొక ఎత్తు. హబ్ మోటారులో తీగచుట్టలు లోపల ఇరుసుకి బిగించి ఉంటాయి, అయస్కాంతాలతో పాటు డొల్ల బయట తిరుగుతుంది. మధ్యలో సన్నని గాలి సందు. గాలి అధమ ఉష్ణవాహకం కదా, వేడి లోపలే చిక్కుకుంటుంది. కొందరు ఔత్సాహికులు ఈ సందులో కొద్దిగా అయస్కాంత ద్రవం పోస్తారు. ఇనుప ఆక్సైడు రేణువులు కలిసిన ఈ నూనెలాంటి ద్రవం అయస్కాంతాలను అంటిపెట్టుకుని ఉండి వేడిని బయటి డొల్లకు చేరవేస్తుంది. ఇటువంటి ద్రవాన్ని 1963లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో స్టీవ్ పాపెల్ తయారుచేశాడు, అదీ రాకెట్ ఇంధనం కోసం! ఎక్కడి రాకెట్, ఎక్కడి సైకిలు! పెడళ్ల దగ్గరి మోటారులో సాధారణంగా తీగచుట్టలు బయటి డొల్లకే ఆనుకుని ఉంటాయి, అయస్కాంతాలు లోపల తిరుగుతాయి. బాష్ మోటారు డొల్ల మెగ్నీషియం మిశ్రలోహం. మొత్తం మోటారు 2.9 కిలోలే.

వేడిని ఆపకపోతే అది వేడినే పెంచుతుంది. రాగి ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది. అంతే ప్రవాహానికి ఇంకా ఎక్కువ వేడన్నమాట. నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. అయస్కాంతం బలహీనపడితే అదే టార్కుకి మరింత ప్రవాహం కావాలి. అందుకే మంచి మోటార్లలో ఉష్ణోగ్రతను కనిపెట్టే పరికరం పెడతారు. హద్దు దగ్గరపడగానే మోటారుకి విద్యుత్తు తగ్గించేస్తారు. మోటారు బతుకుతుంది, పాతిక కిలోల సైకిలు మాత్రం కొండ మధ్యలో మీ కాళ్ల మీద పడుతుంది.

బాష్ మోటారుకి మొదట గరిష్ఠ టార్కు 75 న్యూటన్ మీటర్లని చెప్పారు. 2020లో ఒక్క మరకైనా విప్పకుండా, లోపలి కంప్యూటరు ఆజ్ఞలు మాత్రం మార్చి దాన్ని 85 చేశారు. అంటే ప్రకటనలో కనిపించే టార్కు ఒక్కొక్కసారి లోహం హద్దు కాదు, కంప్యూటరు ఇచ్చే అనుమతి.

ఇంతమాత్రాన హబ్ మోటారు పనికిరానిదని అనుకోకండి. కోనసీమ లాంటి చదునునేల మీద గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తిరిగేవారికి అదే మేలని నా అభిప్రాయం. దాని బలం చైను మీద పడదు, కాబట్టి చైను త్వరగా అరగదు. చక్రంతో పాటే తిరిగే రకమైతే చప్పుడు దాదాపు ఉండదు, దిగుడులో డైనమోలా పనిచేసి బ్యాటరీకి కొంత విద్యుత్తు తిరిగి ఇవ్వనూ గలదు. పెడళ్ల దగ్గరి మోటారుకి ఆ వీలు లేదు. దిగుడులో ఫ్రీవీలు వల్ల చక్రం తిరుగుతుందే గాని చైను తిరగదు. అరకు ఘాటు రోడ్డు లాంటి చోట తొక్కాలంటే మాత్రం నేను గేర్లున్న పక్షమే.

మీరు చేయదగ్గ ప్రయోగం ఒకటుంది. పాత బొమ్మకారులోని చిన్న మోటారుని ఒక టార్చి సెల్లుకి, మధ్యలో బడి ప్రయోగశాలలోని అమ్మీటరు పెట్టి కలపండి. స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు ప్రవాహం రాసుకోండి. తర్వాత ఇరుసుని గుడ్డతో మెల్లగా పట్టుకుని వేగం తగ్గించి చూడండి. పూర్తిగా ఆపితే అయిదు సెకన్లకు మించి ఉంచవద్దు. తిరిగే మోటారు తానే ఒక డైనమోలా ఎదురు వోల్టేజి పుట్టించి ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. తిరగడం ఆగితే ఆ అడ్డు పోతుంది, ముల్లు ఎగబాకుతుంది. బురద పట్టి తిరగలేని బోరు మోటారుకి వైండింగు కాలిపోయేది కూడా ఇలాగే.

చివరగా ఒక లెక్క. మనం చెప్పుకున్న హబ్ మోటారు సైకిలే, ఏటవాలు మాత్రం సగం, 100 మీటర్లకు 5 మీటర్లు. ఘర్షణకు, గాలికి అదే 8 న్యూటన్లు. మొత్తం బలంలో మోటారు వంతు మునుపటిలాగే మూడింట రెండు వంతులు. మోటారులో ఎన్ని వాట్ల వేడి పుడుతుంది? 75 అని వస్తే మళ్లీ మొదటి నుంచి చేయండి.