పూడికతీత – మనశ్శాంతి

మానవునికి కూడబెట్టుట సహజగుణం. కూడబెట్టిన వాటిలో ఏది ఉంచదగినది, ఏది విడువదగినది అని నిర్ణయించుటకు మాత్రం వివేకం కావాలి. పూర్వం ఇంటి అటక నిండితే అందరి కంటా పడేది. నేడు మన చేతిలోని సెల్‌ఫోను నిండినా దాని బరువు పెరగదు, దానిపై దుమ్ము పేరుకొనదు. అందుచేతనే ఆ చెత్త మన దృష్టికి రాదు. దాని భారం చేతి మీద గాక మనస్సు మీద పడుతుంది.

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి బోధపడుటకు దూరం పోనక్కరలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ సీమను సస్యశ్యామలం చేసింది. కాని ఆనకట్ట కట్టినంత మాత్రాన నీరు పొలానికి చేరదు. వేసవిలో దాళ్వా పంట చేతికి వచ్చిన పిమ్మట కాలువలు కట్టివేస్తారు. ఆ కొద్ది వారాలలోనే పూడిక తీయాలి, తూడు, గుర్రపుడెక్క తొలగించాలి, లాకులు, తూములు బాగుచేయాలి. ఆ పని సక్రమంగా జరగని ఏడు కాలువ మొదట్లో నీరు నిండుగానే కనిపిస్తుంది. శివారు రైతు చేను మాత్రం ఎండుతుంది. మన దినచర్య కూడా ఇటువంటిదే. ఉదయం నుండి అనవసర సమాచారంలో ఇంకిపోయిన మనస్సు, సాయంకాలం పుస్తకం తెరిచే వేళకు శివారు భూమి అవుతుంది.

సమాచారం సమృద్ధి అయిన చోట అవధానానికి కరువు వస్తుందని అమెరికన్ పండితుడు హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. అవధానమంటే ఏమిటో తెలుగువారికి వేరే చెప్పనేల? తిరుపతి వేంకట కవులు ఈ గోదావరి సీమ బిడ్డలే. అష్టావధానంలో గంట కొట్టేవాడు ఒక్కడు, అప్రస్తుత ప్రసంగి ఒక్కడు. నేటి విద్యార్థి జేబులో మ్రోగే గంటలెన్నో, అప్రస్తుత ప్రసంగులెందరో లెక్కించగలమా?

ఇది కేవలం మన ఊరి బాధ కాదు. శుభోదయ చిత్రాలతో భారతీయుల ఫోన్లు నిండి స్తంభించిపోతున్నవని 2018 జనవరిలో విదేశీ పత్రికలు సైతం వ్రాశాయి. అంతకు ముందు నెలలోనే గూగుల్ సంస్థ ఇటువంటి చెత్తను ఏరివేయుటకు ‘ఫైల్స్ గో’ అనే సాధనాన్ని విడుదల చేసింది. చిన్న లెక్క వేయండి: దినానికి 40 చిత్రాలు వచ్చి చేరితే ఏడాదికి 14,600. మనం కోరినవి వాటిలో ఎన్ని?

ఒకసారి ఉపకార వేతనం దరఖాస్తుకు కడపటి రోజున మన విద్యార్థిని ఒకతె ఆదాయ ధ్రువపత్రం ఫొటో కోసం వేల చిత్రాలలో వెదకుతూ నా ఎదుటనే కంటతడి పెట్టింది. గడువు దాటకముందే అది దొరికింది గనుక సరిపోయింది. నాకు ఆ అదృష్టం లేకపోయింది. మా తండ్రిగారు జీవించి ఉండగా ప్రతి సాయంత్రం ఉర్దూలో స్వరసందేశం పంపేవారు: ‘బేటా, ఇల్లు చేరావా?’ అని. వారు గతించిన మరుసటి ఏడు, ఒక రాత్రి ఫోనులో చోటు లేక విసుగెత్తి, సందేశాలన్నింటినీ ఒక్క వేటున చెరిపివేశాను. ఆ రాత్రే తయారైన కొత్త ప్రతి, దాచిన పాత ప్రతి స్థానంలో చేరింది. తెల్లవారేసరికి వేలాది శుభోదయాలతో పాటు ఆ గొంతు కూడా పోయింది. తప్పు యంత్రానిది కాదు. ముత్యాన్నీ ఊకనూ ఏళ్ల తరబడి ఒకే గాదెలో ఉంచిన నాది.

కనుక విద్యార్థులారా, శుభ్రం చేయుటకు ఒక క్రమం ఉన్నది.

మొదటిది, భద్రపరచుట. మరల దొరకని వాటిని, అనగా పెద్దల గొంతులను, కుటుంబ చిత్రాలను ముందుగా వేరొక చోట నకలు చేసి, అది తెరుచుకొనుచున్నదో లేదో చూచుకొనవలెను. గూగుల్ ఫొటోస్ వంటి వాటిలో ఫోనూ ఖాతా అనుసంధానమై ఉంటే, అక్కడ తొలగించిన చిత్రం రెండు చోట్లా పోతుందని గుర్తుంచుకొనండి.

రెండవది, వర్గీకరించుట. మార్కుల జాబితా, ఆదాయ, నివాస ధ్రువపత్రాలకు ఒకే సంచిక ఉండాలి. ప్రతి దానికీ పేరు, సంవత్సరం వ్రాయాలి. 2015లో ప్రారంభమైన ప్రభుత్వ డిజిలాకర్‌ను కూడా వినియోగించుకొనవచ్చు.

మూడవది, తొలగించుట. వాట్సాప్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ అనే చోట పెద్ద ఫైళ్లు, పలుమార్లు చేతులు మారినవి విడిగా కనిపిస్తాయి. పని అక్కడ మొదలుపెట్టండి.

నాలుగవది, తూము కట్టుట. చిత్రాలు వాటంతటవే దిగుమతి కాకుండా ఆపుచేయాలి. అవసరం లేని గంటలను మూయాలి. ఇది చేయక ఎంత పూడిక తీసినా మరుసటి వారానికి మరల నిండుతుంది.

ఐదవది, గడువు. కాలువకు ఏడాదికొకసారి చాలు. ఫోనుకు నెలకొక అరగంట కేటాయించాలి.

1898 నాటి పునాదులు గల రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోటికి వెళ్లినప్పుడు మనకు కలిగే ప్రశాంతి పుస్తకాలు తక్కువగా ఉన్నందున కలిగేది కాదు. ప్రతి పుస్తకానికీ ఒక స్థానం ఉన్నందున కలిగేది. మనశ్శాంతి అనగా శూన్యత కాదు, అమరిక. విలువైనదానికి చోటు కల్పించుటకే విలువలేనిదానిని తొలగిస్తున్నాము.

ఈ సంచికను చదివి ముగించిన పిమ్మట, మీరు చేయవలసిన పని ఒక్కటే. మీ తల్లిదండ్రుల గొంతు మీ ఫోనులో ఎక్కడ ఉన్నదో నేడే వెదకి, సురక్షితమైన చోట దాచండి. తక్కిన పూడిక రేపు తీయవచ్చును.