పసిబిడ్డ చర్మం: నూనె సరే, నలుగు వద్దు

బిడ్డను ఇంటికి తీసుకువెళ్ళే రోజున అమ్మమ్మలు, నానమ్మలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "సిస్టరమ్మా, నలుగు ఎప్పటినుంచి పెట్టమంటారు?" పసిబిడ్డకు నలుగు అవసరం లేదు. ఎందుకో తెలుసుకుందాము.

చర్మం చేసే పని

చర్మం ఒంట్లోని తేమను, వెచ్చదనాన్ని కాపాడుతుంది. బయటి క్రిములను లోనికి రానివ్వదు. పసిబిడ్డ చర్మం పెద్దవారి చర్మం కంటే పలుచన. సున్నిపిండితో గట్టిగా రుద్దితే కంటికి కనిపించని గీతలు పడతాయి. వాటిగుండా క్రిములు చేరి చీముపొక్కులు వస్తాయి. నెలలోపు బిడ్డకు ఆ క్రిములు రక్తంలోకి పోతే ప్రాణానికే ప్రమాదం. ఒంటిమీది నూగు కొన్ని వారాలలో దానంతట అదే రాలిపోతుంది. రుద్దినందువల్ల రంగు రాదు.

స్నానం

పుట్టిన బిడ్డ ఒంటిమీది తెల్లని పూత మురికి కాదు, చర్మానికి రక్షణ. దానిని రుద్ది తీయకూడదు. మొదటి స్నానం 24 గంటలు గడిచాకనే చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఇంటికి వెళ్ళాక ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. బొడ్డు రాలేవరకు తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. బొడ్డుపై పసుపు, నూనె, బూడిద వంటివి ఏవీ వేయకూడదు.
2. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. మీ మోచేతితో తాకి చూడండి. నీళ్ళలో డెట్టాల్ వంటివి కలపవద్దు.
3. అయిదు నిమిషాలలో స్నానం ముగించి, మెత్తని గుడ్డతో అద్ది, మెడ, చంకలు, గజ్జల మడతలలో తడి లేకుండా చూడండి.

నూనె

పెద్దవారి అలవాటులో మంచి ఇక్కడుంది. ఢాకాలోని ఒక ఆస్పత్రిలో నెలలు బాగా తక్కువగా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె మృదువుగా రాయగా, వారిలో ఇన్ఫెక్షన్లు సుమారు 40 శాతం తగ్గాయని 2005లో తెలిసింది. నెలలు నిండిన బిడ్డకు ఇంట్లో కొబ్బరినూనె మెత్తగా రాయవచ్చు. చెవిలో, ముక్కులో మాత్రం చుక్క కూడా వేయకూడదు. నెలలు తక్కువ బిడ్డకు డాక్టరుగారిని అడిగే రాయండి.

చెమటకాయలు, ఒరుపులు

మన అనకాపల్లి ఉక్కకు బిడ్డను గుడ్డలలో బిగించి చుట్టకండి. పలుచని నూలు బట్టలు వేయండి. పౌడరు చల్లితే బిడ్డ ఊపిరిలోకి పోతుంది. లంగోటీ గానీ డైపరు గానీ తడిసిన వెంటనే మార్చండి.

వెంటనే ఆస్పత్రికి రావలసిన లక్షణాలు

పుట్టిన కొద్దిరోజులలో వచ్చే ఎర్రమచ్చలు చాలావరకు వాటంతట అవే పోతాయి. కానీ చీముపొక్కులు, బొడ్డు చుట్టూ ఎరుపు లేదా చీము, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడడం, పాలు త్రాగకపోవడం, ఒళ్ళు కాలిపోవడం లేదా చల్లబడడం కనిపిస్తే పసరు పూస్తూ కూర్చోవద్దు. రాత్రయినా 108కి ఫోను చేయండి.

ఆస్పత్రిలో ప్రసవమైతే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తారు. అప్పుడు బిడ్డ బట్టలు విప్పి, ఒళ్ళంతా వెలుతురులో చూపించండి.